రాజీ కుదిరింది, మరి సమాధానం?

నెలలో మొదటి ఆదివారం. ఆరాధన చివరికొచ్చింది. మందిరంలో ముందున్న చిన్న బల్ల మీది తెల్లగుడ్డ తీస్తారు. రొట్టె ముక్కల స్టీలు ప్లేటు, ద్రాక్షరసం పోసిన చిన్న చిన్న గ్లాసుల ట్రే కనిపిస్తాయి. సంఘ పెద్ద ట్రే పట్టుకుని మగవాళ్ల వరుసలోకి వస్తాడు. ఒకాయన గ్లాసు తీసుకుంటాడు. అదే వరుసలో, చాప చివర కూర్చున్న ఆయన తమ్ముడు తల అడ్డంగా ఊపి ట్రేను పక్కాయనకు పంపేస్తాడు. ఎవరూ ఏమీ అనరు. అన్నదమ్ముల మధ్య మాటల్లేవని అందరికీ తెలుసు. గెట్టు కాడ మొదలైన గొడవ అది. పెద్దమనుషులు కూర్చున్నారు, కాగితం రాశారు, రాజీ అయిపోయింది. అయినా ఆ చిన్న గ్లాసు దగ్గరికొచ్చేసరికి తమ్ముడి చెయ్యి ముందుకు రావడం లేదు.

నల్గొండ, దేవరకొండ, నాగర్‌కర్నూల్, గద్వాల, ఏ వైపు పల్లెకు పోయినా, మందిరానికి వెళ్లేవాళ్లకు ఈ దృశ్యం కొత్త కాదు. 'ఆయన బల్ల తీసుకుంటలేడు' అని జాలిగా చెప్పుకుంటారు. బల్ల అంటే యేసు మరణాన్ని గుర్తు చేసుకుంటూ ఆ రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం. నిజానికి ఆ ఇద్దరిలో వాక్యాన్ని, అంటే బైబిలు మాటను, ఎక్కువ సీరియస్‌గా తీసుకున్నది తీసుకోనాయనే కావచ్చు. మనసులో పగ పెట్టుకుని ఆ గ్లాసు ముట్టకూడదన్న భయమైనా ఆయనకుంది. కాకపోతే వాక్యం ఆ భయం దగ్గర ఆగమనలేదు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక (ఉత్తరం) 11వ అధ్యాయంలో అపొస్తలుడైన పౌలు, ఎవరికి వాళ్లు తమను పరీక్షించుకుని అప్పుడు ఆ రొట్టె తినాలంటాడు. పరీక్షించుకుని మానేయమని అనలేదు. పరీక్షలో ఏదైనా బయటపడితే లేచి వెళ్లి సరిచేసుకోవాలి.

ఎవరు లేచి వెళ్లాలన్నది మత్తయి సువార్త 5వ అధ్యాయం 23, 24 వచనాల్లో ఉంది. బలిపీఠం దగ్గర అర్పణ పెడుతుండగా, నీ సహోదరుడికి నీ మీద ఏదో విరోధం ఉందని గుర్తొస్తే, అర్పణను అక్కడే వదిలి ముందు వెళ్లి అతనితో సమాధానపడు, తర్వాత వచ్చి అర్పించు అంటాడు యేసు. ఈ మాటను చాలామంది 'నీకు ఎవరి మీదైనా కోపం ఉంటే' అన్నట్టు వింటారు. జాగ్రత్తగా చదివితే ఇక్కడ కోపం నీది కాదు, అవతలివాడిది. నీవల్ల అతనికి ఏదో నొప్పి కలిగింది, అది నీకు ఇప్పుడు గుర్తొచ్చింది. అంటే ముందు కదలాల్సింది నొప్పించినవాడు.

మరి నొప్పి పడ్డవాడు ఇంట్లో కూర్చోవచ్చా? అదే సువార్త 18వ అధ్యాయం 15వ వచనం అతన్ని కూడా లేపుతుంది. నీ సహోదరుడు నీకు తప్పు చేస్తే నువ్వే వెళ్లి, మీరిద్దరే ఉన్నప్పుడు, ఆ తప్పు అతనికి చెప్పు అంటుంది. మార్కు 11:25 ఇంకో సంగతి కలుపుతుంది. ప్రార్థనకు నిలబడ్డప్పుడు ఎవరి మీద ఏమున్నా క్షమించమంటుంది. ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే తప్పించుకునే సందు ఎవరికీ దొరకదు. 'వాడే రావాలె' అనే మాట మన ఊళ్లలో తగాదాలను ఇరవై, ముప్పై ఏళ్లు బతికిస్తోంది. ఆ మాటకు ఇక్కడ చోటు లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. యేసు ఈ బోధ చేసింది గలిలయలో. బలిపీఠం ఉన్నది యెరూషలేములో. మధ్య దూరం వంద కిలోమీటర్లకు పైనే. నల్గొండ నుంచి హైదరాబాద్‌కు నడిచిపోయినంత. అంత దూరం నడిచి, ఖర్చు పెట్టుకుని, తీరా తన వంతు వచ్చాక ఊళ్లో ఫలానావాడితో ఉన్న గొడవ గుర్తొస్తే, మళ్లీ నడుచుకుంటూ ఊరికి పోయి, మాట్లాడి, మళ్లీ రావాలి. వింటున్న రైతులకూ జాలరులకూ ఆ లెక్క వెంటనే తట్టి ఉంటుంది. దేవుడికి ఇచ్చేది పది రోజులు ఆలస్యమైనా ఫర్వాలేదు, ఈ పని మాత్రం ఆగడానికి వీల్లేదన్నమాట.

మన దగ్గర తగాదా తెంపే ఏర్పాటు లేక కాదు. పెద్దమనుషులు కూర్చుంటారు. రెండు పక్కల మాటా వింటారు. ఎవరిది తప్పో తేల్చి 'తప్పు' కట్టమంటారు, అంటే జరిమానా. కాగితం మీద సంతకాలు పెట్టిస్తారు. ఈ పద్ధతిని చులకన చేయడం సరికాదు. ఎన్నో కుటుంబాలను పోలీస్ స్టేషన్ మెట్లెక్కకుండా, ఎకరం కోసం రెండెకరాలు అమ్ముకోకుండా కాపాడింది. కానీ పంచాయతిలో అడిగే ప్రశ్న ఒక్కటే: గొడవ ఆగిందా, లేదా? ఆగడానికి ఎవరు ఎంత మింగాల్సి వచ్చిందన్నది అక్కడ ఎవరూ అడగరు. చాలాసార్లు బలం లేనివాడే ఎక్కువ మింగుతాడు.

తెలుగు బైబిల్లో దీనికి వాడిన మాట సమాధానం. మాట్లాడేటప్పుడు సమాధానమంటే ప్రశ్నకు జవాబు. బైబిలు తెలుగులో అదే మాటకు శాంతి అని, విరోధం పోయి కలవడం అని అర్థం. ఈ రెండు అర్థాలూ ఒకే మాటలో ఇమడటం తెలుగు పాఠకులకు మంచి సదుపాయం. అన్నదమ్ముల తగాదాలో పెద్దమనుషుల కాగితం గొడవకు ముగింపు చెబుతుంది. 'నాకెందుకు ఇట్ల చేసినవన్నా?' అన్న ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పదు. ఆ జవాబు రానంతకాలం తమ్ముడి చెయ్యి ట్రే దగ్గరికి వెళ్లదు.

పౌలు ఈ సంగతికి వాడిన గ్రీకు మాట 'కతల్లగే'. మార్చుకోవడం అనే అర్థం నుంచి వచ్చింది. నాణేల మార్పిడికి కూడా వాడేవారు. విరోధం ఇచ్చేసి స్నేహం తీసుకోవడం అన్నమాట. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 5వ అధ్యాయంలో, దేవుడు క్రీస్తు ద్వారా మనల్ని తనతో సమాధానపరచుకుని, ఆ సమాధానపరిచే పరిచర్యను మనకు అప్పగించాడంటాడు. అన్యాయం జరిగింది దేవుడికి. లేచి వచ్చిందీ దేవుడే, ఖర్చు భరించిందీ ఆయనే. సిలువ గురించి క్రైస్తవులు చెప్పేదంతా ఈ ఒక్క సంగతి చుట్టూ తిరుగుతుంది. త్యాగపూరితమైన ప్రేమ అని ప్రసంగాల్లో వినిపించే మాటకు కూడా అర్థం ఇదే. సంబంధం నిలవడానికి ఎవరో ఒకరు నష్టం భరించాలి. ఆ నష్టాన్ని అవతలివాడి మీదికి నెట్టకుండా, ప్రేమించేవాడు తన మీద వేసుకుంటాడు.

నష్టం అంటే చిన్నదేమీ కాదు. మత్తయి 18లో యేసు చెప్పిన ఇద్దరు బాకీదారుల కథ గుర్తుంది కదా. ఒక దాసుడు రాజుకు పదివేల తలాంతులు బాకీ. అదే దాసుడికి తోటి దాసుడు నూరు దేనారాలు బాకీ. రాజు అంత పెద్ద బాకీ వదిలేస్తే, ఈయన బయటికొచ్చి తోటివాడి గొంతు పట్టుకున్నాడు. దేనారమంటే ఒక రోజు కూలి. తలాంతు అంటే ఆరు వేల దేనారాలు. పదివేల తలాంతులు తీర్చాలంటే ఆరు కోట్ల రోజులు పని చేయాలి. ఒక్క రోజు కూడా సెలవు లేకుండా చేసినా 1,64,000 ఏళ్లు పడుతుంది. సాధారణంగా ప్రసంగాలు ఈ పెద్ద అంకె దగ్గరే ఆగి, నూరు దేనారాలను 'ఏముంది, చిల్లర' అని కొట్టిపారేస్తాయి. కూలి చేసుకునే మనిషికి నూరు రోజుల కూలి చిల్లరా? ఉపాధి హామీ పథకం 2006లో మొదటి విడతగా మొదలైన జిల్లాల్లో మహబూబ్‌నగర్, నల్గొండ ఉన్నాయి. ఏడాదికి ఇంటికి వంద రోజుల పని ఇస్తామంది అప్పటి చట్టం. ఆ వంద రోజుల కూలి వస్తుందా రాదా అన్నదాని మీద పిల్లల ఫీజులు, కిరాణా బాకీలు ఆధారపడ్డ ఇళ్లు ఇక్కడ ఎన్నో చూశాం. యేసుకు ఆ విలువ తెలుసు. నీకు జరిగిన నష్టం చిన్నదని ఆయన అనలేదు. నిజంగా బరువైనదాన్నే వదులుకోమన్నాడు.

మధ్యవర్తి ఎలా ఉండాలో చూడాలంటే ఫిలేమోనుకు పౌలు రాసిన ఉత్తరం చదవాలి. మొత్తం 25 వచనాలు, రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. ఫిలేమోను యజమాని. ఒనేసిము అతని దగ్గర్నుంచి దూరమైన దాసుడు. పౌలు జైల్లో ఉన్నాడు. ఒనేసిమును తిరిగి పంపుతూ, ఇతన్ని దాసుడిగా కాక ప్రియ సహోదరుడిగా చేర్చుకో అని రాశాడు. ఇతను నీకేమైనా నష్టం చేసి ఉంటే, బాకీ ఉంటే, 'అది నా లెక్కలో చేర్చుము' అన్నాడు. నా చేత్తోనే రాస్తున్నాను, నేనే తీరుస్తాను అని కూడా రాశాడు. పంచాయతి చెప్పడానికి వచ్చిన పెద్దమనిషి తన జేబులోంచి తీసి కడతాననడం! సంఘాల్లో సమాధానం చేయించే పెద్దలు ఈ ఒక్క వాక్యం దగ్గర చాలాసేపు ఆగాలి. ఉత్తరం మొత్తంలో ఒత్తిడంతా యజమాని మీదే ఉంది, దాసుడి మీద కాదన్నది కూడా గమనించాలి.

క్షమాపణ అడగడం ఒకటి, తీసుకున్నది తిరిగివ్వడం ఇంకొకటి. లూకా 19లో పన్నులు వసూలు చేసే జక్కయ్య 'తప్పయింది ప్రభువా' అని కన్నీళ్లు పెట్టుకున్నట్టు ఎక్కడా లేదు. నిలబడి లెక్క చెప్పాడు. ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి. ఈ ఇంటికి నేడు రక్షణ వచ్చిందని యేసు అన్నది ఆ తర్వాతే. మన గెట్టు తగాదాకు ఇంకా దగ్గరి మాట ద్వితీయోపదేశకాండం 27:17లో ఉంది. పొరుగువాడి సరిహద్దురాయిని తీసేసేవాడు శాపగ్రస్తుడు. దున్నిన ప్రతిసారీ ట్రాక్టర్ చక్రం ఒక అడుగు అటు జరుగుతుంది. నాలుగైదేళ్లలో గెట్టు సగమవుతుంది, హద్దురాయి ఎటో పోతుంది. అన్న మందిరంలో అందరి ముందు తమ్ముణ్ణి కౌగిలించుకుని, మర్నాడు ఆ రాయిని ఉన్నచోటే వదిలేస్తే, తమ్ముడి ప్రశ్నకు జవాబు రానట్టే. సర్వేయర్‌ను పిలిపించి, తన ఖర్చుతో కొలిపించి, రాయిని వెనక్కి జరిపి పాతితే, కౌగిలి లేకపోయినా సగం సమాధానం వచ్చినట్టే.

భూమి విషయంలో మనిషి మనసు కదలడం ఈ నేలకు తెలియనిది కాదు. 1951 ఏప్రిల్ 18న అప్పటి నల్గొండ జిల్లా పోచంపల్లిలో వినోబా భావే ముందు దళిత కుటుంబాలు 80 ఎకరాలు అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచారు. అది క్రైస్తవ ఉద్యమం కాదు. అడిగినదానికంటే ఎక్కువ ఇవ్వడం అంటే ఏమిటో చెప్పడానికి మాత్రం అంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

పాలమూరు, నల్గొండ ప్రాంతపు సంఘాలకు ఈ బోధ వచ్చిన దారి కూడా తెలుసుకోవాలి. రష్యా సామ్రాజ్యంలోని మెన్నోనైట్ బ్రదరెన్ అనే క్రైస్తవ శాఖ నుంచి వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ 1890 ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టులతో కలిసి నల్గొండలో పని మొదలుపెట్టాడు. తర్వాత అమెరికా నుంచి వచ్చిన మెన్నోనైట్ బ్రదరెన్ మిషనరీలు దేవరకొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి, జడ్చర్ల ప్రాంతాల్లో సంఘాలు, బడులు, ఆస్పత్రులు కట్టారు. ఎం.బి. చర్చి అని అందరూ పిలిచేది దాన్నే. ఈ మెన్నోనైట్లు, కత్తి పట్టకూడదని, శత్రువును ప్రేమించాలన్న మాటను ఉన్నదున్నట్టు పాటించాలని పదహారో శతాబ్దంలో ప్రాణాలిచ్చిన అనబాప్టిస్టుల వారసులు.

వాళ్లలో డిర్క్ విలెమ్స్ కథ ప్రతి ఎం.బి. సండే స్కూలు పిల్లవాడికీ తెలియాల్సింది. 1569లో నెదర్లాండ్స్‌లోని ఆస్పెరెన్‌లో అతన్ని విశ్వాసం కోసం బంధించారు. గుడ్డపీలికలు ముడివేసి, తాడులా చేసి, కిటికీలోంచి దిగి పారిపోయాడు. చలికాలం, చెరువు మీద నీళ్లు పలచగా గడ్డకట్టి ఉన్నాయి. జైలు తిండితో చిక్కిపోయిన మనిషి కాబట్టి దాటేశాడు. వెంట తరుముతున్న భటుడి బరువుకు మంచు పగిలి, అతను నీళ్లలో పడ్డాడు. డిర్క్ వెనక్కి తిరిగాడు, చెయ్యందించి అతన్ని పైకి లాగాడు. గట్టు మీదున్న అధికారి పట్టుకొమ్మని అరిచాడు. పట్టుకున్నారు. ఆ ఏడు మే 16న సజీవదహనం చేశారు. ఒడ్డుకు చేరినవాడు వెనక్కి ఎందుకు తిరిగాడన్నదానికి లోకం లెక్కలో జవాబు దొరకదు. 'నీ శత్రువు ఆకలిగొని ఉంటే అతనికి భోజనం పెట్టు' అని రోమా 12లో ఉన్నదాన్ని అతను నిజమని నమ్మాడు, అంతే.

ఇంత గొప్ప బోధే తప్పుడు చేతుల్లో పడితే బలహీనుల మెడకు ఉరి అవుతుంది. ఇది ఖచ్చితంగా చెప్పుకోవాలి. తాగొచ్చి కొట్టే భర్త గురించి ఏడుస్తూ వచ్చిన ఆడపిల్లతో 'సర్దుకుపో బిడ్డా, క్షమించు, ప్రార్థన చెయ్యి' అని చెప్పి పంపేయడం సమాధానపరిచే పరిచర్య కాదు. దెబ్బ తిన్నామెకు మళ్లీ ఖర్చు వేయడం అది. భర్తను కూర్చోబెట్టి నిలదీయడం, ఆమెకు భద్రమైన చోటు చూపించడం, 2005 గృహహింస చట్టం ఉందని చెప్పడం ఆ పరిచర్యలో భాగమే. క్షమించడమంటే కేసు వెనక్కి తీసుకోవడం అని వాక్యంలో ఎక్కడా లేదు. యేసును బంట్రోతు చెంపమీద కొట్టినప్పుడు, నన్నెందుకు కొట్టావని అడిగాడు (యోహాను 18:23). ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టి జైల్లో వేసి, తెల్లారి గుట్టుగా వెళ్లిపొమ్మంటే పౌలు కదలలేదు. అధికారులే స్వయంగా వచ్చి తమను బయటికి తీసుకెళ్లాలన్నాడు (అపొస్తలుల కార్యములు 16:37). ఇతన్ని మించి సమాధానం గురించి రాసినవాళ్లు లేరు, ఇతనే న్యాయం కోసం పట్టుబట్టాడు.

కులం సంగతీ అంతే. ఇక్కడి సంఘాల్లో తొలి విశ్వాసులు ఎక్కువమంది మాల, మాదిగ వాడల నుంచి వచ్చారు. ఊరు వాళ్లకు చేసిన అన్యాయం మీద ఎవరూ వాళ్ల ముందుకొచ్చి తప్పయిందని చెప్పలేదు. అలాంటప్పుడు 'పాతవి మరిచిపోయి అందరం కలిసుందాం' అని వాళ్లకే నీతి చెప్పడం మత్తయి 5ను తలకిందులుగా చదవడం. అదే సమయంలో ఆ రెండు వాడల మధ్య, ఒకే సంఘంలో, పెళ్లి సంబంధాల దగ్గర, సంఘ పెద్దల ఎన్నికల దగ్గర గీతలు చెరగకపోవడం కూడా దాచాల్సింది కాదు. అంతియొకయలో యేసు శిష్యుడు పేతురు అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్లతో, కలిసి తింటూ, కొందరు యూదులు వచ్చేసరికి వెనక్కి తగ్గితే, పౌలు అందరి ముందే నిలదీశాడు (గలతీ 2). పక్కన కూర్చుని తినకపోవడం సువార్తకే విరుద్ధమన్నాడు. పేతురు పేరున ఉన్న రెండో పత్రికలో అదే పౌలు 'మన ప్రియ సహోదరుడు'. నిలదీయడం వల్ల ఆ బంధం తెగలేదు.

ఇవ్వడం తేలిక, కలిసి కూర్చోవడం కష్టం. 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో వేదనాయగం శామ్యూల్ అజరయ్య చెప్పిందీ ఇదే. తర్వాత రెండేళ్లకు ఆయనే దోర్నకల్ బిషప్ అయ్యారు. బీదలకు మీ ఆస్తులిచ్చారు, కాల్చడానికి శరీరాలు అప్పగించారు, మేము ప్రేమను కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నారు. క్రిస్మస్‌కు చీరలు, దుప్పట్లు పంచే ప్రతి సంఘమూ, పుచ్చుకున్నవాళ్ల ఇంట్లో కూర్చుని ఛాయ్ తాగిందెప్పుడో ఒకసారి గుర్తు చేసుకుంటే బాగుంటుంది.

ఆచరణలో మొదటి చిక్కు మత్తయి 18 చెప్పిన వరుస తిరగబడటం. ముందు ఇద్దరే మాట్లాడుకోవాలి, కాకపోతే ఒకరిద్దరు సాక్షులతో, అదీ కాకపోతే సంఘానికి చెప్పాలి. మన దగ్గర ముందు వాట్సాప్ గ్రూపుకు ఎక్కుతుంది, లేదా 'ప్రార్థన అంశం' పేరుతో కూడికలో చెప్పేస్తారు. చివరికి అసలు మనిషికి తెలుస్తుంది, అప్పటికి అతనికి పరువు పోయి ఉంటుంది. ఆ తర్వాత కోర్టు. మందిరపు స్థలాల మీద, కమిటీల మీద విశ్వాసులే ఒకరిమీద ఒకరు వేసుకున్న కేసులు ఏళ్లకేళ్లు నడుస్తుంటాయి. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడన్న సామెత తెలిసి కూడా వాయిదాలకు కానుక డబ్బులు పోస్తారు. అలా వ్యాజ్యాలాడటం కన్నా అన్యాయం సహించడం మేలు కాదా అని పౌలు అడిగింది ఇలాంటివాళ్లనే (1 కొరింథీ 6). దెబ్బలు తింటున్న ఇల్లాలిని కాదు. ఈ తేడా మరిచిపోయే సంఘం ఆ వచనాన్ని వాడకపోవడమే మంచిది.

రెండో చిక్కు తొందర. పాస్టరుగారు ఇద్దరినీ ముందుకు పిలిచి, చేతులు కలిపించి, ప్రార్థన చేసి, ఆమేన్ అనిపిస్తారు. అంతటితో అయిపోయిందనుకుంటారు. బైబిల్లో చాలా సమాధానాలు అంత త్వరగా కాలేదు. మార్కు అనే అతన్ని వెంట తీసుకెళ్లే విషయంలో పౌలు, అతని తోటి సేవకుడు బర్నబా గట్టిగా వాదించుకుని విడిపోయారు. అదే మార్కును వెంటబెట్టుకుని రా, నాకు పనికొస్తాడు అని పౌలు తిమోతికి రాసిన మాట రెండో తిమోతి చివరి అధ్యాయంలో, జీవితం చివర్లో కనిపిస్తుంది.

అన్న ఏశావుకు రావాల్సిన ఆశీర్వాదాన్ని మోసంతో తీసుకుని పారిపోయినవాడు తమ్ముడు యాకోబు. వాళ్ల కథ ఆదికాండం 33తో ముగిసిందని చాలామంది అనుకుంటారు. ఏశావు పరుగెత్తి వచ్చి తమ్ముణ్ణి కౌగిలించుకున్నాడు, ఇద్దరూ ఏడ్చారు. కలిసి పోదాం పదమని అన్న పిలిచాడు. తమ్ముడు, నీ వెనకే మెల్లగా వస్తానన్నాడు, కానీ వెళ్లలేదు. అన్న శేయీరుకు పోతే తమ్ముడు సుక్కోతుకు పోయాడు. అన్న ముందు ఏడుసార్లు నేల మీద సాగిలపడ్డవాడికి, అన్న ఇంటికి వెళ్లేంత ధైర్యం ఇంకా రాలేదు. మన ఊళ్లలో 'చావుకు కూడా పోలేదు' అనేది తెగిపోయిన బంధం గురించి చెప్పే ఆఖరి మాట. ఆదికాండం 35వ అధ్యాయం చివరి వచనంలో వాళ్ల ముసలి తండ్రి ఇస్సాకు చనిపోయాడు. అతన్ని పాతిపెట్టినవాళ్ల పేర్లు రెండూ అక్కడ పక్కపక్కనే ఉన్నాయి, ఏశావు, యాకోబు.